తాళం వెనక లక్క

గురువారం ఉదయం పోలీసు స్టేషను మెట్లెక్కేటప్పటికి షావుకారు చేతిలో ఉన్న పెట్టుబడి చాలా తక్కువ. జేబులో మేజిస్ట్రేటు సంతకం పెట్టిన అనుమతి కాగితం. చెవిలో ముద్దాయి అక్కగారి మాట: "మా తమ్ముడు బల్లిని కూడా చీపురుతో బయటికి తోలేవాడే గాని కొట్టేవాడు కాదు షావుకారు గారూ." బల్లుల సాక్ష్యం కోర్టులో చెల్లదు. కాగితం మాత్రం చెల్లుతుంది. ఆ మధ్యాహ్నం పోలీసులు గది తెరిచేటప్పుడు ముద్దాయి తరఫున ఒక్క మనిషి పక్కన నిలబడి చూడవచ్చని అందులో ఉంది. చూడవచ్చు అంతే. మాట్లాడవచ్చని లేదు, మాట్లాడకూడదనీ లేదు. రాయని షరతులోనే లాభం ఉంటుందని వ్యాపారం చేసిన ప్రతివాడికీ తెలుసు.

అతను అంతకుముందు గాజుసీసాల టోకు వ్యాపారం చేశాడు. పగిలిన సరుకుని మంచి సరుకుగా అంటగట్టేవాళ్ళతో ఏళ్ళ తరబడి వేగి, మోసం వాసన పట్టడంలో ముక్కు పదునెక్కాక కొట్టు మూసేసి డిటెక్టివు బోర్డు పెట్టుకున్నాడు. బోర్డు మారినా పేరు షావుకారుగానే ఉండిపోయింది, బుద్ధీ అలాగే ఉండిపోయింది. ఏ మనిషి ఎదురైనా ముందు తూకం వేస్తాడు, తర్వాత నమస్కారం పెడతాడు.

కేసు పైకి చూస్తే చిన్నది. ప్రభుత్వ మందుల తనిఖీ అధికారి ఒకాయన, ఊళ్ళోకెల్లా పెద్ద మందుల కంపెనీ తయారుచేసే పిల్లల దగ్గుమందు సీసాలు కొన్ని నమూనాగా పట్టుకొచ్చి, తన కార్యాలయంలోని నమూనాల గదిలో పెట్టాడు. సోమవారం వాటిని పరీక్షకి పంపాలి. సోమవారం ఉదయం అదే గదిలో ఆయన తల పగిలి పడి ఉన్నాడు. గదికి రెండో తాళంచెవి కార్యాలయం అటెండరు దగ్గర ఉంటుంది కాబట్టి మధ్యాహ్నానికల్లా అటెండరు లాకప్పులో ఉన్నాడు. సెలవు ఇవ్వలేదన్న కక్షతో ఇనప కడ్డీతో కొట్టాడట. ఆ కడ్డీ మాత్రం దొరకలేదు, అధికారి దగ్గరుండే తాళంచెవీ దొరకలేదు. పోలీసులు గదికి తాళం వేసి, లక్క కరగబోసి, స్టేషను ముద్ర కొట్టారు. ఇప్పుడు ముద్దాయి తానే వచ్చి కడ్డీ చూపిస్తానన్నాడట.

సీలు వేసిన గదిలోంచి, సాక్షుల ముందు, ముద్దాయి వేలుపెట్టి చూపిస్తే బయటికొచ్చిన కడ్డీకి ఎదురు చెప్పగల లాయరు ఇంకా పుట్టలేదు. ఇవాళ అది జరిగితే అటెండరు బతుకు అక్కడితో సరి.

స్టేషన్లో అడుగుపెట్టగానే షావుకారు అలవాటుగా సరుకు చూసుకున్నాడు. బల్లల మీద కంపెనీ పేరు. కంప్యూటర్ల మీద కంపెనీ పేరు. మంచినీళ్ళ డబ్బా మీద, గోడ గడియారం మీద, బయట జీపు తలుపు మీద కంపెనీ పేరు. పేరు లేనిది లాకప్పు ఒక్కటే. దాన్ని కూడా కంపెనీ పనికే వాడుతున్నారు కాబట్టి రాయించడం అనవసరం అనుకున్నారేమో.

అటెండరు కటకటాల అవతల గోడకి చేరగిలబడి ఉన్నాడు. కింది పెదవి వాచింది.

"కడ్డీ ఎక్కడుందో చూపిస్తానన్నావట?"

"నేననలేదు సార్. వాళ్ళే అన్నారు. రెండో బీరువా వెనక ఉంటుంది, చెయ్యి చూపించు చాలు అన్నారు."

"నువ్వెప్పుడైనా ఆ గదిలో కడ్డీ చూశావా?"

"అక్కడ సీసాలు, అట్టపెట్టెలు తప్ప ఏముంటాయి? ఇనప సామాను పెడితే మా సారు ఊరుకోరు. సీసా కొస పగిలినా నాకు తిట్లే."

"సారుతో నీకు పడదంటున్నారు."

"పడదు సార్." అటెండరు తల ఎత్తాడు. "రోజూ తిట్టేవారు. టీ చల్లారిందని, బీరువా మీద దుమ్ముందని. కానీ మా అమ్మాయికి దగ్గొస్తే ఆ మందు పొయ్యద్దురా అని నాకు మొదట చెప్పింది ఆయనే. శనివారం సాయంత్రం చెప్పారు. అందులో కలపకూడనిది ఏదో కలుస్తోందిరా, పిల్లల మూత్రపిండాలు పోతున్నాయి, సోమవారం పంపించేస్తే వీళ్ళ ఆట కట్టు అన్నారు. అట్లాంటి మనిషిని నేను చంపుతానా?"

"ఇది పోలీసులకి చెప్పావా?"

"చెప్పాకే పెదవి వాచింది సార్."

షావుకారుకి ఒళ్ళు మండింది. మండినప్పుడు బేరం చెయ్యకూడదన్నది అతని సూత్రం. ఇంకో రెండు నిమిషాలు అక్కడే నిలబడి, మంట ముఖంలోకి రాకుండా దిగాక ఇన్‌స్పెక్టరు గదిలోకి వెళ్ళాడు.

అక్కడ ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. ఆయన కుర్చీలో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన ఒకప్పుడు పోలీసు శాఖలో పెద్ద అధికారి. ఉద్యోగం అయిపోగానే కంపెనీవాళ్ళు భద్రతా విభాగానికి పెద్దగా పెట్టుకున్నారు. ఊరంతా ఆయన్ని మాజీ గారు అంటుంది. పదవి మాజీ అయింది గాని సెల్యూట్లు ఇంకా మాజీ కాలేదు.

"ఏమయ్యా షావుకారూ," అన్నాడు మాజీ, కుర్చీలో వెనక్కి వాలి. "సీసాలమ్ముకునే వాడివి శవాల బేరంలోకి ఎందుకొచ్చావు?"

"సీసాలవల్లే శవం లేచిందన్నారు. పాత సరుకు కదా, చూసిపోదామని వచ్చాను."

"మాటలు బాగానే ఉన్నాయి. మా కంపెనీకి నాలుగు గోడౌన్లున్నాయి. సరుకు మాయమైతే కనిపెట్టడానికి నీలాంటివాడు కావాలి. ఏడాది పొడుగునా పని. రేపొచ్చి మాట్లాడు."

"ఇవాళే మాట్లాడదాం. పని ఏడాది పొడుగునా సరే, పనిలోకి రావాల్సింది ఇవాళ మధ్యాహ్నం నుంచే అంటారా?"

"తెలివైనవాడివి."

"తెలివి ఉన్నవాడు కొనేవాణ్ణి ముందు చూసుకుంటాడు అయ్యా. మీరు అంతా కొనేశారు. బల్ల కొన్నారు, జీపు కొన్నారు, కుర్చీ కొని అందులో మీరే కూర్చున్నారు. ఇన్ని కొన్నాక కూడా నాలాంటి చిల్లర సరుకు కావాలంటే, ఏదో ఒకటి తక్కువ పడిందన్నమాట."

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. "నోరు అదుపులో పెట్టుకో. కాగితం ఉంది కాబట్టి రానిస్తున్నాను. గదిలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి."

"అట్లాగే నిలబడతాను. ఇంతకీ సాక్షులెవరు?"

"ఇద్దరు పెద్దమనుషులు. ఈ కేసుతో సంబంధం లేనివాళ్ళు."

ఆ సంబంధం లేని పెద్దమనుషులు వరండా ముందు కంపెనీ కారు పక్కనే నిలబడి ఉన్నారు. ఒకడు కారు డ్రైవరు. రెండోవాడు కంపెనీ పాకింగు మేస్త్రి. పొట్టిగా, గట్టిగా, వేళ్ళ చివర్లు కాలి నల్లబడి ఉన్నాడు. వాళ్ళని చూడగానే మాజీ లెక్క షావుకారుకి అర్థమైంది. పనిలో చెయ్యి పెట్టినవాడి చేతనే సాక్షి సంతకం కూడా పెట్టిస్తే, రేపు వాడు నోరు తెరవాలన్నా తెరవలేడు. లెక్క మంచిదే. కాని మంచి లెక్కలోనే ఒక్కోసారి కూడిక తప్పుతుంది.

తనిఖీ కార్యాలయం స్టేషనుకి దగ్గరే. నమూనాల గది వెనక వసారాలో ఉంది. మందమైన చెక్క తలుపు, ఇనప గడియ, గడియకి తాళం. తాళం చుట్టూ తెల్లగుడ్డ చుట్టి, పురికొసతో బిగించి ఉంది. ఒక కానిస్టేబులు సంకెళ్ళతో ఉన్న అటెండర్ని పట్టుకున్నాడు, ఇంకొకడు వీడియో కెమెరా పట్టుకున్నాడు. కెమెరా సంచి మీద కూడా కంపెనీ పేరే.

షావుకారు చేతులు వెనక్కి కట్టుకునే తలుపు దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. ముందువైపు గుడ్డ, దాని మీద పురికొస ముడులు. లక్క కనబడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని కిందనుంచి తల ఎత్తి చూశాడు. లక్క తాళానికి వెనకవైపున, తలుపు చెక్కకి ఆనుకుని ఉంది. ఎర్రగా, గుండ్రంగా, ఎక్కడా అంచు చెదరకుండా, మధ్యలో స్టేషను ముద్ర అద్దంలా పడి ఉంది.

ఈ పనితనం అతనికి తెలుసు. ఒక్కొక్క కంపెనీకి సరుకు కట్టే తీరు ఒక్కొక్కటి. సీసాలమ్మే రోజుల్లో వీధిలోకి లారీ వస్తే, పేరు చదవకుండా తాళం చూసి ఎవరిదో చెప్పేవాడు.

లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "ఇన్‌స్పెక్టరు గారూ, సీలు చెక్కుచెదరలేదు. ఒప్పుకుంటున్నాను."

మాజీ కనుబొమలు పైకి లేచాయి. శత్రువు ఇంత తొందరగా ఒప్పుకుంటాడని ఆయన అనుకోలేదు.

"ఒక్క సంగతి కెమెరాలో పడితే రేపు కోర్టులో నేను పేచీ పెట్టను. ఈ సీలు ఎవరు వేశారు?"

"నేనే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "సోమవారం, శవాన్ని తీసుకెళ్ళగానే. నా చేతులతో."

"ఎలా వేశారు? కాస్త విడమరిచి చెప్పండి. ముద్దాయి అక్కగారికి నేను చెప్పుకోవాలి కదా."

"ఎలా వేస్తారు? గుడ్డ చుట్టి, తాళం బొజ్జ మీద లక్క పోసి, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేట్టు ముద్ర కొట్టాను. వేలు కూడా కాలింది, ఇదిగో. ఆ తర్వాత ఎవరూ దీని జోలికి రాలేదు. ముద్ర నా సొరుగులోంచి కదల్లేదు. చాలా?"

"చాలు. సంతోషం."

బొజ్జ మీద, అందరికీ కనబడేట్టు అన్న మాటలు కెమెరాలో పడ్డాయి. వెనక లక్క కూడా తియ్యబోయేముందు కెమెరాలో పడింది. ఇన్‌స్పెక్టరు చూసి కూడా చూడలేదు. తన చేత్తో చేసిన పనిని తిరిగి పరీక్షించి చూసే అలవాటు ఆ స్టేషన్లో పోయి చాలా కాలమైంది. అక్కడ సంతకాలు చేస్తారు, అంతే.

లక్క పగలగొట్టి తలుపు తీశారు. లోపల రెండు బీరువాలు, గోడ పొడుగునా అరలు. అరల్లో గుడ్డలో కట్టిన నమూనా పార్శిళ్ళు వరసగా ఉన్నాయి. ప్రతి పార్శిలు మీదా తనిఖీ శాఖ ఎర్రటి ముద్ర నడినెత్తిన బొట్టులా కనబడుతోంది. ఒక్క పార్శిలు నెత్తి మాత్రం బోసిగా ఉంది. షావుకారు మెడ పక్కకి వంచి చూశాడు. దాని లక్క పక్క మడతలో, దాక్కున్నట్టు ఉంది. చీటీ మీద పిల్లల దగ్గుమందు పేరు.

అంటే గదిలోకి కడ్డీ ఒక్కటే రాలేదు. లోపలున్న సీసాలు బయటికి పోయి, కడిగిన ముత్యాల్లాంటి సీసాలు ఆ స్థానంలోకి వచ్చాయి. ఆ అధికారి ప్రాణం ఒడ్డి పట్టుకున్న నిజాన్ని, ఆయన నెత్తురు ఆరకముందే బదలాయించేశారు. ఆయన శాఖ ముద్రతో! పోలీసుల ముద్ర, తనిఖీ శాఖ ముద్ర, రెండూ కంపెనీ పాకింగు షెడ్డులో దొరికే సామాను అయిపోయాయి. షావుకారు వెనక్కి కట్టుకున్న చేతులు తమంతట తామే పిడికిళ్ళయ్యాయి.

"చూపించరా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అటెండరు షావుకారు వంక చూశాడు. చెయ్యి లేవలేదు. కానిస్టేబులు అతని మోచెయ్యి పట్టుకుని తనే లేపాడు. రెండో బీరువా వెనకనుంచి కడ్డీ వచ్చింది. డ్రైవరు ఆశ్చర్యపోయినట్టు నటించాడు, బాగా నటించలేదు. మాజీ గడియారం చూసుకున్నాడు.

"ఇక గదికి మళ్ళీ సీలు వెయ్యండి," అన్నాడు షావుకారు నెమ్మదిగా. "లోపలి నమూనాలకి రేపు నేను పూచీ పడలేను. నా ముందే వెయ్యాలి."

"వేస్తాం. ఒరేయ్, లక్క తీసుకురా."

కానిస్టేబులు కొవ్వొత్తి వెలిగించాడు. లక్క కడ్డీ మంటలో పెడితే కరిగేకన్నా ఎక్కువ మసి పట్టింది. మొదటి బొట్టు నేల మీద పడింది, రెండోది అతని బూటు మీద పడింది. గుడ్డ కొస అంటుకుంటే ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. పురికొస వదులై జారిపోయింది. ఇన్‌స్పెక్టరు "నీకు పెళ్ళెవరు చేశార్రా" అంటూ లాక్కుని తనే మొదలుపెట్టాడు. ఆయన పోసిన లక్క తాళం బొజ్జ మీద కాకిరెట్టలా పడింది. దాని మీద ముద్ర కొడితే ఇత్తడికే అంటుకుని ఊడి వచ్చింది.

షావుకారు ఎవరి వంకా చూడలేదు, పాకింగు మేస్త్రి వంక తప్ప. మేస్త్రి ముఖం పంటినొప్పి వచ్చినవాడిలా ముడుచుకుపోతోంది. ఒక అడుగు ముందుకు వేశాడు, ఆగాడు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ లక్క పోశాడు. ఈసారి అది గడియ మీదుగా కారింది.

"పాపం, లక్క పని అందరికీ రాదు," అన్నాడు షావుకారు గాలిలోకి.

"ఇటివ్వండి సార్!" అన్నాడు మేస్త్రి, ఇక ఆగలేక. "ఉప్పుమాగాయ పిసికినట్టు పిసుకుతున్నారు. జరగండి."

మాజీ కారు దగ్గర ఫోనులో ఉన్నాడు. మేస్త్రి పాత గుడ్డ చింపి పారేసి, కొత్త గుడ్డ నాలుగు మడతలు పెట్టి చుట్టాడు. పురికొస పంటితో పట్టుకుని బిగించి ముడేశాడు. ముద్రని తన జుట్టుకి ఒకసారి రాసుకుని, తాళాన్ని గిరుక్కున వెనక్కి తిప్పి పట్టుకుని, లక్క నాలుగు బొట్లు పోసి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. తీశాక చూస్తే గుండ్రంగా, ఎర్రగా, అద్దంలా పడింది.

"అబ్బ!" అన్నాడు షావుకారు. ఆ మెప్పు నిజమైనదే. "జుట్టుకెందుకు రాశారు మేస్త్రీ?"

"నూనె అంటితే లక్క పట్టుకోదండి."

"మరి వెనకవైపెందుకు?"

"మా లారీ తాళాలన్నీ ఇంతేనండి. ముందు వేస్తే దారిలో ఒరుసుకుని ముద్ర రాలిపోద్ది. వెనకైతే తలుపే కాపలా. మా మావ నేర్పిన పని."

"నిన్నమొన్నటిది కూడా ఇంత నీటుగానే ఉంది. మీ చెయ్యేనని చూడగానే అనుకున్నాను."

"మరి? మంగళవారం అది వేసేటప్పుడు నాకు టైము కూడా లేదు. పోలీసుల సీలు చెదిరింది, వాళ్ళు రమ్మన్నారు, పోయి వేసిరా అని మాజీ గారు కారిచ్చి పంపారు. అప్పటికీ..." మేస్త్రి ఆగాడు. చుట్టూ ఏదో మారిందని అతనికి తెలిసింది, ఏమిటో తెలియలేదు.

ఇన్‌స్పెక్టరు చేతిలో కొవ్వొత్తి వంగి మైనం కారుతోంది. "నిన్నెవరు రమ్మన్నారు? నేను రమ్మన్నానా? ముద్ర నా సొరుగులో ఉంది కదా, దేంతో వేశావు?"

"మీరే పంపించారన్నారు కదండీ, కొత్త ముద్ర! ఆదివారమే మాజీ గారు తెచ్చి చూపించారు నాకు. పోత కొంచెం గరుగ్గా ఉంది, అంచు ఆకురాయి పట్టమని చెప్పింది కూడా నేనే."

"ఆదివారమా?"

"ఆదివారమేనండి. సెలవు రోజు పిలిపించారని మా ఆవిడ గొడవ చేసింది, నాకు గుర్తే."

కెమెరా పట్టుకున్న కానిస్టేబులు దాన్ని దించాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు. అటెండరే ముందు అన్నాడు, చిన్నగా: "మా సారు పోయింది సోమవారం కదా."

షావుకారు అంత ఊహించలేదు. సీలు మార్చారని తెలుసు, మనిషి చచ్చాక అబద్ధం అల్లారనుకున్నాడు. మనిషి ఇంకా బతికి, ఇంట్లో అన్నం తింటూ ఉండగానే, అతని శవం ఉన్న గదికి వెయ్యాల్సిన దొంగ ముద్ర తయారై కూర్చుంది. చావుకన్నా ముందే దర్యాప్తు పూర్తయింది.

"శనివారం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ముద్ర పిడి ఊగుతోందని మాజీ గారే అన్నారు. మా వర్క్‌షాపులో బిగించి పంపిస్తామన్నారు. నేనే ఇచ్చాను. సాయంత్రానికి తిరిగొచ్చింది."

"ఇప్పుడు మీ లెక్క మీరే కట్టుకోండి," అన్నాడు షావుకారు. గొంతు లేపలేదు గాని మాట మాటకీ వేడి పెరిగింది. "గదిలోకి కడ్డీ వచ్చింది. రావాలంటే ముద్ర కావాలి. ముద్ర సొరుగులోంచి కదల్లేదని ఇందాక కెమెరా ముందు చెప్పింది మీరు. దొంగ ముద్ర ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. కడ్డీ పెట్టిందెవరని రేపు జడ్జి అడిగితే మిగిలేది ఎవరండీ? అటెండరు లాకప్పులో ఉన్నాడు. మిగిలింది మీరే. బల్లలూ జీపులూ ఊరికే ఇచ్చారనుకున్నారా? కుర్చీలో వాళ్ళు కూర్చున్నది మిమ్మల్ని బోనులో నిలబెట్టడానికి!"

ఫోను జేబులో పెట్టుకుంటూ మాజీ వచ్చాడు. ముఖాలు చూశాడు, తాళం చూశాడు, మేస్త్రి చేతిలో ఇత్తడి ముద్ర చూశాడు. పాతికేళ్ళు పోలీసు పని చేసినవాడు, వివరం అడగలేదు.

"మేస్త్రీ, పద. షెడ్డులో పనుంది. నేను దింపుతాను." ఎంతో ప్రేమగా భుజం మీద చెయ్యి వేశాడు.

మేస్త్రి కదిలాడు. కారు తలుపు తెరిచే ఉంది. ఆ కారెక్కితే మేస్త్రి ఇంటికి చేరడని షావుకారుకి తెలుసు. ఇన్‌స్పెక్టరుకీ తెలుసు. అడ్డుపడాలంటే షావుకారుకి అధికారం లేదు. అధికారం ఉన్నవాడికి అలవాటు లేదు.

"సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఎప్పటిలాగే సార్ అన్నాడు గాని, ఈసారి ఆ మాట చివర గట్టిపడింది. "చెయ్యి తియ్యండి. ఇతను నా సాక్షి."

"ఏమన్నావు?"

"చెయ్యి తియ్యమన్నాను."

"నీ బతుకు నా ఒక్క ఫోనులో ఉంది, తెలుసా?"

"తెలుసు సార్. నిన్నటిదాకా ఆ ఫోనుకే డ్యూటీ చేశాను."

ఇన్‌స్పెక్టరు మేస్త్రిని జీపెక్కించబోతే షావుకారు ఆపాడు. "జీపు ఎవరిదో తలుపు మీదే రాసుంది. డ్రైవరెవరి మనిషో మనకి తెలియదు." రోడ్డు మీద పోయే అద్దె కారు ఆపి, అటెండర్ని, మేస్త్రిని, కెమెరా కానిస్టేబుల్ని వెనక కుక్కి, ఇన్‌స్పెక్టరు ముందు సీట్లో ఒళ్ళో టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. షావుకారు మేస్త్రి మోకాళ్ళ మీద దాదాపు కూర్చున్నట్టే కూర్చున్నాడు. కోర్టుకి వెళ్ళే దారంతా మేస్త్రి ఒక్కటే మాట: "నేను సీలు వేశానంతే సార్. లోపల ఏముందో సీలు వేసేవాడు చూడడు."

కోర్టులో మేజిస్ట్రేటమ్మ తలుపు మూయించి మేస్త్రి వాంగ్మూలం తీసుకుంది. మధ్యలో ఆమె అడిగింది: "గదిలోంచి తీసిన అసలు సీసాలు ఏం చేశారు?"

"డ్రైవరు తెచ్చిచ్చి కాలవలో పారెయ్యమన్నాడమ్మా."

"పారేశారా?"

మేస్త్రికి కోపం వచ్చింది, ఆ గదిలో మొదటిసారి. "ముద్ర పడ్డ సరుకుని అలా పారేస్తే మేస్త్రీతనం ఏముందమ్మా? మా షెడ్డులో తిరిగొచ్చిన సరుకు పెట్టే అరలో పెట్టాను. ఆ సారు కట్టిన గుడ్డ, ఆయన ముద్ర, అట్లాగే ఉన్నాయి."

ఆమె సోదా ఉత్తర్వు రాస్తుండగా ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది. విన్నాడు. పెట్టేశాడు. "నన్ను ఈ కేసులోంచి తీసేశారు. కొత్త అధికారి బయల్దేరాడట. మాజీ గారి అల్లుడు."

మేజిస్ట్రేటమ్మ సంతకం పెట్టి తల ఎత్తింది. ఉత్తర్వు సిరా ఇంకా తడిగా ఉంది. "దీన్ని ఎవరి చేతికివ్వను?" అంది. చట్టం చేతిలో ఉత్తర్వు ఉంది, ఉత్తర్వు పట్టుకునేందుకు ఒక్క చెయ్యి కనబడలేదు. బయట వరండాలో కబురంది వచ్చిన అటెండరు అక్క, సంకెళ్ళున్న తమ్ముడి చేతుల్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, లోపల ఏమవుతోందో తెలియక తలుపునే చూస్తోంది.

ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. "తీసేశామని ఫోనులో చెప్పారమ్మా. కాగితం నా చేతికి రాలేదు. కాగితం అందేదాకా కేసు నాదే, శాఖలో ఎప్పుడూ ఇదే పద్ధతి." కాలిన వేలున్న చెయ్యి ముందుకు చాపాడు. "అతను రాకముందే షెడ్డుకి చేరాలి. ఇవ్వండి."

ఆమె ఇచ్చింది. మెట్లు దిగుతూ అతని పక్కన నడుస్తున్న షావుకారు, కొట్టు మూసేవేళ చేసినట్టే మనసులో లెక్క తేల్చుకున్నాడు. అటెండరు మెడకి ఉచ్చు వదులైంది, ఇంకా ఊడలేదు. చచ్చిపోయిన మనిషి నిజం ఎక్కడుందో తెలిసింది, ఇంకా చేతికి రాలేదు. ఆ దగ్గుమందు ఈ క్షణాన కూడా ఏదో ఇంట్లో ఏ తల్లి చేతి చెంచాలోనో ఉంది, ఆ నష్టం ఎవరి ఖాతాలో వెయ్యాలో దేవుడికి కూడా తెలియదు. అంతా పోగా ఆ రోజుకి నికరంగా దక్కింది ఒక్కటే: కంపెనీ ఎప్పుడో టోకున కొనేసిన స్టేషన్లోంచి ఒక పోలీసు వెనక్కి వచ్చాడు.

అతనెంతకాలం నిలుస్తాడో షావుకారు లెక్క వెయ్యలేదు. చెయ్యి ఊపి ఇంకో అద్దె కారు ఆపాడు.